గివ్ ఆర్ టేక్

అరవైల్లో బోధన్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఇంగ్లీషు వచ్చిన పాపానికి దుబాసీ పని కూడా నా నెత్తినే పడింది. పొద్దంతా ఒకరి మాట ఇంకొకరికి మోసి మోసి, ఇంటికొచ్చాక నోరు తెరవబుద్ధయ్యేది కాదు.

మద్రాసు నుంచి వచ్చిన చీఫ్ కెమిస్టుకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. ఏ లెక్క చెప్పినా చివర "గివ్ ఆర్ టేక్" అని తగిలించేవాడు. అటూ ఇటూగా అని. మా కార్మికులు దాన్నే అందాజ అంటారు.

ఓ సీజన్‌లో ఆయన, పాన్ అనే పెద్ద కాగులో పాకం నాలుగు గంటలు కాగాలి, గివ్ ఆర్ టేక్ అన్నాడు. నేను బోర్డు మీద "నాలుగు గంటలు" అని మాత్రం రాశాను. నోటీసులో అందాజ అని రాస్తే నవ్వుతారనిపించింది. పైగా డ్యూటీ దిగే వేళ, ఓపిక లేదు.

పాన్ దగ్గర ఎడపల్లి నుంచి సైకిల్ మీద వచ్చే పెద్దాయన ఉండేవాడు. పాకం బొట్టు వేళ్ల మధ్య సాగదీసి చూసి, అయిందంటే అయినట్టే. ఆ వారం ఆయన అరగంట ముందే అడుగు మూత తెరిచి, పాకం కిందికి వదిలి పాన్ దించాడు. చక్కెర బాగానే వచ్చింది. అయినా షిఫ్ట్ ఇన్‌ఛార్జి బోర్డు చూపించి మెమో ఇచ్చాడు.

మరుసటి వారం పెద్దాయన గడియారం ముందు కూర్చున్నాడు. నాలుగు గంటలు నిండేసరికి పాకం బిగుసుకుపోయి కిందికి జారలేదు. వేడినీళ్లు పోసి కరిగించడానికి ఒక పూట పట్టింది.

విచారణలోనూ నేనే దుబాసీని. "గివ్ ఆర్ టేక్ అన్నాను కదా, రాయి అయ్యేదాకా ఎందుకు కూర్చున్నాడు?" అని చీఫ్ అడిగాడు. ఎందుకు దించలేదని అడుగుతున్నారన్నాను.

పెద్దాయన నావైపు తిరిగాడు. "చేతులకు ఎర్కనే సారూ. బోర్డు మీద నాలుగు గంటలని ఉండె, అందాజ అని యాడ లేదు గద. మొన్న నా అందాజకు దించితె మెమో ఇచ్చిండ్రు. గందుకే ఆగిన. గిదంత జెప్పు సారూ."

చెబితే తప్పు నాదని తేలుతుంది. భయమేసింది. "పొరపాటైంది, క్షమించమంటున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన్ని పాన్ మీది నుంచి తీసేసి, చెరుకు బండ్లు నిలిపే యార్డుకు పంపారు. ఇరవై ఏళ్ల చేతి పని అక్కడితో ముగిసింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నౌకరి నిలవెట్టినవ్ సారూ," అన్నాడు. "నా మాట మంచిగ జెప్పినవ్."