మౌనం అడిగే గాలిదేవర

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా ఇంటి అరుగు మీద ఒక పెద్ద రాజ్యం ఉండేది. సుద్దముక్కతో గీసింది నేనే. అందులో అడవులు, కోటలు, రాక్షసులు... ఆఖరికి దేవుళ్ళు కూడా నేను పుట్టించినవాళ్ళే!

నాయన మగ్గం నేసేవాడు. చీర డిజైను కోసం వరుసగా రంధ్రాలు పొడిచిన జకార్డు అట్టలు పాతబడితే నాకిచ్చేవాడు. ఒక్కో అట్ట మీద ఒక్కో దేవర పేరు రాసేదాన్ని. నా ఆటలో మంత్రం ఊరికే పనిచేయదు. దేవర అడిగింది ఇవ్వాలి. నిప్పుదేవరకు ఉపవాసం... గాలిదేవరకు మౌనం. మౌనంగా ఉంటే పడిపోయిన వీరుడు కూడా లేచి కూర్చుంటాడు.

నాతో ఆడేది పక్కింటి నూర్జహాన్. నాకు పదకొండేళ్ళు, తనకు తొమ్మిది. నేనేం చెప్పినా నమ్మేది... అదే నాకు గొప్ప.

ఆ ఎండాకాలం వాళ్ళమ్మకు జబ్బు ముదిరింది. హిందూపురం ఆసుపత్రిలో చేర్చి, ఈ పిల్లను వాళ్ళ అవ్వ దగ్గర వదిలారు.

ఒక మధ్యాహ్నం వచ్చి అడిగింది. "అక్కా, నీ గాలిదేవర మా అమ్మను బాగుజేస్తాడా? నేను దువా చేస్తానే ఉండా... ఈయప్ప కూడా చేస్తే మంచిదే కదా?"

ఇది ఆటే అని చెప్పాల్సింది. చెప్పలేదు. అంత నమ్మకంగా నన్నెవరూ ఏదీ అడగలేదు మరి...

"చేస్తాడు. మూడు దినాలు ఎవురితోనూ మాట్లాడకూడదు" అన్నాను.

అవ్వ తిట్టినా, కొట్టినా నోరు విప్పలేదు ఆ పిల్ల.

మూడో రోజు సాయంత్రం మా నాయన సెల్లుకు ఫోన్ వచ్చింది. ఆసుపత్రి నుంచి, వాళ్ళమ్మే. నాయన నూర్జహాన్‌ను పిలిచి చెవి దగ్గర పెట్టాడు. "నూరూ... తిన్యావామ్మా? ఒక్క మాట మాట్లాడు..." ఆ సన్నటి గొంతు నాకూ వినిపిస్తోంది.

నూర్జహాన్ నా వైపు చూసింది. మాట్లాడొచ్చా అని కళ్ళతోనే అడిగింది.

నేను... తల అడ్డంగా ఊపాను.

"పాప అలిగినట్టుండాదమ్మా, రేపు మాట్లాడతాదిలే" అని నాయన ఫోన్ పెట్టేశాడు.

తెల్లారేసరికి వాళ్ళమ్మ పోయింది.

కన్నతల్లితో ఒక్క మాట మాట్లాడలేదే, ఎంత మొండి పిల్లో అని వీధంతా అన్నారు. నూర్జహాన్ నా పేరు బయట పెట్టలేదు. నేనూ నోరు తెరవలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు సోమందేపల్లికి వెళ్ళిపోయారు.

పోయిన నెల పెనుకొండ బస్టాండులో కనిపించింది. నేనే గుర్తుపట్టాను. "ఆ పొద్దు తప్పు నాదే నూర్జహాన్... ఆ దేవరను నేనే కల్పించినా" అన్నాను. ఇన్నేళ్ళకు.

మెల్లగా అంది. "అమ్మ బతుకుతాదనే అనుకుంటి అక్కా. అప్పట్నుంచి దువాకు చేతులెత్తితే చాలు... భయమైతాది నాకు."

బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా పాప ఫోన్‌లో ఆడే ఆటలోనూ దేవుళ్ళున్నారు, వరాలున్నాయి. ఓడిపోతే మళ్ళీ మొదటి నుంచి ఆడుకుంటుంది. మా ఆటలకు ఆ వీలు లేకపోయింది...

చిన్నప్పుడు మీరు ఆటలో అన్న మాటను ఎవరైనా నిజమని నమ్మారా? నమ్మి ఉంటే ఇక్కడ రాయండి. వీలైతే ముందు వాళ్ళకు నిజం చెప్పండి.