ఆ చీటీ రాసింది రత్నం వదిన కాదు

నిన్న పొద్దున పదకొండింటికి కాకినాడ నుంచి ఫోను.

"మీ తమ్ముడుగారు ల్యాబులో పడిపోయారండి. ఆస్పత్రికి తీసుకొచ్చేసరికే..."

ఆ తర్వాత మాటలు నాకు వినపడలేదు.

శనివారం వస్తానన్నాడు. వాడి కోసం తీసిపెట్టిన పనసతొనలు ఇంకా గిన్నెలోనే ఉన్నాయి.

మీరంతా శామ్యూల్ మాస్టారు అని పిలిచే మా చిన్నోడు ఇక లేడు. నలభై నాలుగేళ్ళు.

నేను టెన్త్ వరకే చదివాను. ఇలాంటివి రాయడం అలవాటు లేదు. నేను కాగితాల మీద రాసి ఇస్తుంటే మా అమ్మాయి శిరీష మన కుటుంబం గ్రూపులో టైపు చేస్తోంది. నిన్న సాయంత్రం గేటు దగ్గర జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

రత్నం వదిన వచ్చింది. తమ్ముడు ఇక్కడ రామచంద్రపురంలో పనిచేసినప్పుడు అదే స్కూల్లో క్లర్కు. మన చర్చి సంఘం మనిషే. తొమ్మిదేళ్ళుగా మనవాళ్ళెవరూ ఆవిడతో మాట్లాడరు.

మన బాబీ గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చారండీ?"

"మాస్టారి మొహం ఒక్కసారి చూసి వెళ్ళిపోతానయ్యా."

"చీటీ రాసిన రోజు గుర్తురాలేదా మాస్టారు?"

ఆవిడ విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయింది.

నేను ఐసు పెట్టె పక్కనే కూర్చుని ఉన్నాను. అంతా విన్నాను. నోరు తెరవలేదు.

ఆ చీటీ రాసింది నేను.

తొమ్మిదేళ్ళ కిందట వాడికి మూడో సంబంధం తెచ్చాను. ఫొటో కూడా చూడలేదు. వంటింట్లో పీట మీద కూర్చుని చెప్పాడు.

"నాకు ఆడపిల్లల మీదకి మనసు పోదక్కా. చిన్నప్పట్నుంచీ అంతే."

"మందులేమైనా ఉంటాయేమోరా. కాకినాడలో పెద్ద డాక్టర్లు..."

"జబ్బైతే కదా మందు. ఇది జబ్బు కాదని ఆ డాక్టర్లే చెబుతున్నారు."

"డాక్టర్లకంటే పెద్దవాడు పైనున్నాడు."

"ఉన్నాడు. ఆయన్ని నేనూ రోజూ అడుగుతున్నానక్కా."

వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే, "ప్రార్థనలో పెట్టుకో" అన్నాడు.

నేను పెట్టాను. నాకు తెలిసిన పద్ధతిలో.

మన మందిరంలో గుమ్మం పక్కన చీటీల పెట్టె ఉంటుంది కదా. శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరు అయ్యగారు అవన్నీ పైకి చదువుతారు, అందరం మోకరిస్తాం. పేర్లు రాయనక్కర్లేదు. నేనూ పేరు రాయలేదు. మా తమ్ముడని తెలియకూడదని "మన సంఘంలో పెళ్ళికాని సైన్సు మాస్టారు ఒకరు" అని రాశాను. మగవాళ్ళ మీద మనసు పోతోందని, ప్రభువు మార్చాలని రాశాను.

మన సంఘంలో సైన్సు మాస్టారు వాడొక్కడే. అయ్యగారు ఆ చీటీ చదివి ఆగినప్పుడు గానీ నాకది తట్టలేదు.

ఎవరూ మోకరించలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆదివారం ప్రసంగమంతా అదే. పాపానికి దేవుడు కాల్చేసిన సొదొమ పట్నం, సైన్సు నేర్పే గర్వం, కోతి నుంచి మనిషి. ఆడవాళ్ళ చాపల మీద నేను తలెత్తలేదు. మగవాళ్ళ వైపు నుంచి తమ్ముడి గొంతు వినపడింది.

"అయ్యగారూ, ఒక మాట అడగొచ్చాండీ?"

"ఇది క్లాసు కాదు మాస్టారూ. సైన్సు దేవుని వాక్యానికి లోబడాలి."

"మీ కళ్ళజోడు సైన్సేనండి. దాంతోనే కదా వాక్యం చదువుతున్నారు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారి మొహం ఎర్రబడింది.

"ఆ చీటీలో మనిషెవరో ముందు చెప్పండి!"

"నేనేనండి. ప్రార్థన చెయ్యండి, వద్దనను. నన్ను చేసినవాడికి నా సంగతి తెలియదన్నట్టు మాత్రం చెయ్యకండి."

ఆ రోజు నుంచి వాడికి ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఆపేశారు.

ఇంటికొచ్చాక అడిగాడు. "రాసింది నువ్వా అక్కా?"

"నేనెందుకు రాస్తానురా. స్కూల్లో సంగతులు ఆ రత్నం వదినకే కదా తెలిసేది."

వాడు నా మొహంలోకి చూశాడు. "సరేలే" అన్నాడు.

నా నోట్లోంచి వచ్చిన ఆ మాటే మన ఇళ్ళన్నీ తిరిగింది. బాబీ, నిన్ను అనడం లేదు నాన్నా. నా అబద్ధానికే నువ్వు నిన్న గేటు దగ్గర కాపలా కాశావు.

వాడు మాత్రం రత్నం వదిన కనపడితే స్కూటరు ఆపి మాట్లాడేవాడు. వాడికి అంతా తెలుసని నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

తర్వాత కాకినాడ వెళ్ళిపోయాడు. నెల మొదటి ఆదివారం తప్పకుండా వచ్చి ఆఖరి చాప మీద కూర్చునేవాడు. రొట్టె పళ్ళెం వచ్చేది. రెండు చేతులతో అందుకుని, తినకుండా పక్కవాళ్ళకి అందించేవాడు. తొమ్మిదేళ్ళు అలాగే.

నాతో మాట్లాడేవాడు, నవ్వేవాడు, నా బీపీ మాత్రలు తెచ్చేవాడు. కానీ మళ్ళీ ఒక్కసారి కూడా "ప్రార్థనలో పెట్టుకో అక్కా" అనలేదు.

వాక్యంలో ఉన్న మాటలు ఉన్నాయి. వాటిని కొట్టెయ్యడానికి నాకు చదువూ లేదు, ధైర్యమూ లేదు. కానీ అబద్ధ సాక్ష్యం చెప్పొద్దనీ అందులోనే ఉంది. దాన్ని నేను తొమ్మిదేళ్ళు దాటేసి చదివాను.

ఈ సాయంత్రం నాలుగింటికి వాణ్ణి అమ్మ పక్కన మట్టిలో పెడుతున్నాం. అంతకుముందే రత్నం వదిన ఇంటికి వెళ్ళి చెబుతాను. వస్తానంటే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. గేటు దగ్గర దారి ఇవ్వండి. అనాల్సింది ఉంటే నన్ను అనండి.

ఇది మన ఇళ్ళవాళ్ళ వరకే. దాచుకోండి, బయట ఎవరికీ చూపించకండి. వాడి సంగతి ఒకసారి కాగితం మీద పెట్టి పదిమందికి వినిపించింది చాలు.

చిన్నోడా, రాత్రి నీ కోసం ప్రార్థన చేశాను. నిన్ను మార్చమని అడగలేదురా. వెళ్ళిరా. అక్కడ పళ్ళెం నీ దగ్గరికి వస్తే ఎవరికీ అందించకు, నువ్వు తిను. తిని హాయిగా పడుకో.

అక్క