లింగయ్యగారి పంతొమ్మిదేళ్ల ముఖం కోసం

దూరదర్శన్‌లో చూసిన ఒక డాక్యుమెంటరీ నన్ను ఏలూరులో హైదరాబాదు రైలెక్కించింది. నిజాం కాలంలో జైలుపాలైన లింగయ్యగారు అందులో నవ్వుతూ తన కథ చెప్పారు. డ్రాయింగ్ మాస్టారిని కదా, చేయి ఊరుకోలేదు. ఆ మాటలు పట్టుకుని పది బొమ్మలు వేశాను. మా ఊరివాళ్లు ప్రదర్శనకి పెడదామన్నారు. అనుభవించినాయన చూసి సరే అనకుండా వాటిని గోడకి తగిలించడానికి నాకు మనసొప్పలేదు. సినిమా తీసినాయనకి ఉత్తరం రాస్తే చిరునామా పంపారు.

తెల్లారి సికింద్రాబాదులో దిగి, ఇడ్లీ తిని, మాదాపూర్ బస్సెక్కాను. జూబ్లీహిల్స్ దాటాక ఇళ్లు పలచబడి బండరాళ్లు మొదలయ్యాయి. నా ఒళ్లో కాగితాల చుట్ట చూసి, పక్కనున్న తాపీమేస్త్రీ "హైటెక్ సిటీ నక్షలా సారూ?" అన్నాడు. బొమ్మలన్నాను.

"అయితే జర బిల్డింగు గూడ చూసి పోండ్రి. మస్తుంటది."

చూశాను. బాగానే ఉంది, మెడ నొప్పి పుట్టింది.

దానికి కాస్త ఇవతల లింగయ్యగారు కూతురు సత్తెమ్మతో రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నారు. టీ ఇప్పించి, బొమ్మలు నేలమీద పరిపించారు. మొదటిది చూసి నవ్వారు. రెండోది చూసి ఇంకా నవ్వారు. 

"ఏంది సారూ, గీ ముసలోన్ని జైల్ల ఏసిన్రు? నాకప్పుడు పందొమ్మిదేండ్లు. మీసం గూడ సరిగ మొలవలె!"

టీవీలో చూసిన నెరిసిన తలనే పది బొమ్మల్లోనూ జైల్లో కూర్చోబెట్టాను మరి. సిగ్గుతో నాకూ నవ్వొచ్చింది. అప్పటి ఫోటో ఏదైనా ఉందా అండీ అని అడిగాను.

"ఫోటో ఎక్కడిది? జైల్ల అద్దం గూడ లేకుండె. మూడేండ్లు నా మొఖం నేను చూసుకోలె. ఎట్లుంటినో యాదికి లేదు. గా పోరన్ని ఒక్కసారి చూపియ్యి సారూ."

ఈసారి ఆయన నవ్వలేదు.

"అందరు నాది నాయిన పోలికంటరు," అంది సత్తెమ్మ. ఇంకేం, ఆవిడనే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వయసు తగ్గించి, నూనూగు మీసం పెట్టి గీయడం మొదలుపెట్టాను. "ఇగ పోలీసోల్లు నన్ను వట్కపోతరు!" అని ఒకటే నవ్వు. కదలొద్దని బతిమాలుకోవలసి వచ్చింది.

పెద్దాయన కాగితం అందుకుని చాలాసేపు చూశారు.

"మీసం తుడువు బిడ్డా."

తుడిచాను.

"ముక్కుపుల్ల వెట్టు."

పెట్టాను.

"గిది మా అవ్వ. నేను లోపలున్నప్పుడే పోయింది. కడసూపు గూడ దక్కలె."

సత్తెమ్మ నానమ్మని చూడడం అదే మొదలు. ముగ్గురం ఏడ్చాం. ఆపైన ముగ్గురం జొన్నరొట్టెలు, కోడికూర కడుపునిండా తిన్నాం. బొమ్మ అక్కడే ఇచ్చేశాను.

తిరుగు రైల్లో ఎదుటి సీటాయన చుట్టలో ఏముందండీ అన్నారు. జైలు బొమ్మలన్నాను. ఆయన కాస్త పక్కకి జరిగారు. ఇంటికెళ్లి పదీ మళ్లీ గీయాలి, ఆ కుర్రాడి ముఖం మాత్రం ఇంకా దొరకలేదు. అయినా ఇంత సంతోషంగా నేను ఏ ఊరినుంచీ తిరిగిరాలేదు. ముఖం సంగతి మాదాపూర్‌లో బస్సెక్కేటప్పుడు లింగయ్యగారితో కూడా అన్నాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నారాయన. "ఎట్ల గీసినా వాన్ని అవ్వ గుర్తువడ్తది."