కప్పు మీద కర్ర

మొన్న మా పాప బడి పిల్లలకు తోడుగా గుట్ట మీది కోటకు వెళ్లాను. చీకటి రాతిగదిలోంచి గబ్బిలాల కంపు ముక్కుకు తగలగానే, మూడో తరగతిలో ఇక్కడే నా పరువు తీసిన మా నాన్న, బాపు, గుర్తొచ్చాడు.

బాపుది బొగ్గుగని బాయిలో పని. ఆ రోజు డ్యూటీ మాని మరీ మాకు తోడొచ్చాడు. మేం ఈ గదిలోకి ఉరకబోతుంటే గుమ్మానికి అడ్డం నిలబడి, కర్రతో గది కప్పును కొడుతూ చెవి పెట్టి వినసాగాడు.

"జల్ది కానియ్యన్నా, బస్సుకు టైమైతాంది," అంది టీచర్.

"ఆగున్రి మేడం. కప్పు సప్పుడు మంచిగ లేకుంటె పిల్లలను ఎట్ల పంపాలె?"

"మీ బాపుకు చీకటంటే బుగులేందిరా?" అని పిల్లలు నవ్వారు. భయమేనని నేనూ అనుకున్నాను. కోపంతో ఏడుపొచ్చింది. ఆయన సగం కప్పు కొట్టేసరికే బస్సు హారన్ మోగింది. గది చూడకుండానే దిగొచ్చాం. బస్సులో ఆయన పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చున్నాను.

బాయిలో రోజూ అలా కప్పు కొట్టి, రాయి వదులై కూలేలా లేదని చప్పుడును బట్టి తెలుసుకున్నాకే ముందుకు అడుగేస్తారని చాలా ఏళ్లకు తెలిసింది.

"నాన్నా, జరుగు! మేమెప్పుడు లోపలికి పోవాలె?" పాప నా చొక్కా గుంజింది.

అప్పటికే నా పిడికిలి గుమ్మం దగ్గర చేతికందే కప్పును తడుతోంది. ఏ చప్పుడు మంచిదో నాకు తెలియదు. అయినా గుమ్మంలోంచి జరగలేకపోయాను.