అమ్మినా వదలని కారు

అమ్మేసిన పాత కారు కాగితాలు కొన్నాయన పేరు మీదికి మార్పించడానికి ఇవాళ ఆయన్ని వెంటబెట్టుకుని మేడ్చల్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. తీరా చూస్తే కారు రికార్డులో ఉన్నది నేనెప్పుడో వదిలేసిన ఫోన్ నంబరు. అది మార్చాలన్నా ఓటీపీ ఆ పాత నంబరుకే వెళ్తుందట! చేసేదేం లేక దానికే ఫోన్ చేశాను. మచ్చ బొల్లారంలో ఉండే ఒకావిడ ఎత్తింది. కారు నంబరు చెప్పగానే గుర్తుపట్టింది.

“ఓ, గా కారు నీదేనా! పొల్యూషన్ కాగితం అయిపోయిందని నాకు ఒకటే మెసేజులు. మొన్న శామీర్‌పేటల బెల్టు పెట్టుకోలే గదా, నీ ఫోటోతోటి చలానా గూడ నాకే వచ్చింది. జర పైలంగ నడుపు తమ్మీ.”

“సరే అక్కా, గిప్పుడొచ్చిన ఓటీపీ ఒక్కటి జెప్పరాదు?”

“అమ్మో! గది ఎవ్వలకు జెప్పొద్దని గవర్నమెంటోళ్లే జెప్తున్నరు” అని పెట్టేసింది.

కొన్నాయన తాళాలు నా చేతిలో పెట్టి, పేరు మారాకే వస్తానని బస్సెక్కేశాడు.

మీరూ ఓసారి మీ పాత నంబరుకు ఫోన్ చేసి చూడండి, మీ గుట్టు ఎవరి దగ్గరుందో. నేనైతే దారంతా బెల్టు పెట్టుకునే ఇంటికొచ్చాను. అక్కకు మళ్లీ ఫోటో పోతుందని.