అరికాలి మచ్చ లోతు

ఇరవై ఏడేళ్లుగా నా పని గుడ్డలో తప్పులు పట్టడం. సూరత్‌లోని సలాబత్‌పురాలో ఒక పాత మేడ మీద, కింద ట్యూబ్‌లైట్ వెలిగే గాజు బల్ల ముందు నిలబడి, మగ్గం మీంచి దిగిన తానును గజం గజం లాగి చూస్తాను. తెగిన పోగు కనబడినా, నూనె మరక కనబడినా సుద్దముక్కతో గుర్తు పెడతాను. అనుమానం వస్తే జేబులోంచి భూతద్దం తీస్తాను. నా కన్ను తప్పించుకున్న డాగు లేదని శేఠ్ నలుగురిలో అంటుంటాడు. ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి మా ఆవిడకు చాలాసార్లు వినిపించాను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, భేస్తాన్‌లో మా గది గడప మీద కూర్చుని గోళ్లు తీసుకుంటుంటే ఎడమ అరికాల్లో, మడమ దగ్గర, కందిగింజంత నల్లమచ్చ కనబడింది. అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి చూశాను. అంచు తిన్నగా లేదు. ఒక పక్క కారునలుపు, ఇంకో పక్క ఇటుక రంగు. గుడ్డ మీద అలాంటిది కనబడితే, ఇది పైన పడ్డ మరక కాదు, లోపలికి దిగుతున్నదని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. గురివింద గింజ తన కింది నలుపెరగదంటారు. నేను ఎరుగుదును. ఎరిగి కూడా చెప్పులేసుకుని చాయ్ తాగడానికి పోయాను.

భయపడ్డాను, అంతే. డాక్టరు దగ్గరికి పోతే ఏదో ఒకటి అంటాడు, పోకపోతే ఏమీ అనడు. ఈ తెలివితో ఏడాది గడిపాను.

ఆ తర్వాత మచ్చ మీద చర్మం గట్టిపడి, నడిస్తే నొప్పి మొదలైంది. కుంటుతుంటే మా ఆవిడ పట్టేసింది. కాలు ఒళ్లో పెట్టుకుని ఒత్తి చూసి, "గిది ఆనెకాయనే. దినాం నిలవడి నిలవడి అయింది. జీడి వెట్టాలె" అంది. మా వైపు అరికాలికి ఏమొచ్చినా వైద్యం అదొక్కటే. నల్లజీడి గింజకు సూది గుచ్చి, దీపం సెగకు పట్టి, కారే నూనెను వేడివేడిగా నొప్పి ఉన్న చోట అంటిస్తారు. చర్మం కాలి నల్లబడుతుంది, కొన్నాళ్లకు పొట్టు లేస్తుంది. ముల్లు విరిగినా జీడే, మడమ పగిలినా జీడే. ఊరి నుంచి తెచ్చుకున్న గింజలు సూరత్‌లో మా వాళ్లందరి బియ్యం డబ్బాల్లోనూ దొరుకుతాయి.

గింజ సెగకు పెట్టేముందు ఆమె ఒకసారి ఆగింది. "గీ నలుపేంది? జీడి వెట్టకముందే గిట్లున్నది?"

"మషీన్ నూనె అంటింది. పోతలేదు" అన్నాను.

ఆ చలికాలంలో మూడుసార్లు పెట్టింది. మచ్చ ఇంకా నల్లబడింది, నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. మచ్చకు ఒక మర్యాదైన కారణం దొరికింది కదా! ఎవరైనా అడిగితే, "మా ఇంటామె జీడి వెట్టింది" అని చెప్పేవాణ్ణి.

కాలిన చోట పుండు పడింది, మానలేదు. చాప మీద రక్తం మరకలు చూసి, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఊరుకోలేదు. "పప్పా, బస్ హో గయా. ఆనెకాయకు గింత రక్తమొస్తదా? చలో" అని ఆటో ఎక్కించింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆవిడ కూడా భూతద్దమే తీసింది, కాకపోతే దానికి లైటుంది. ముక్క తీసి పరీక్షకు పంపితే మెలనోమా అని తేలింది. చర్మానికొచ్చే క్యాన్సర్లలో మొండిదట. విన్న మా వదిన, "ఎండల పండుకునే తెల్లోళ్లకొచ్చే రోగమట గద, నీకెట్లొచ్చె మరిదీ?" అని ఆశ్చర్యపోయింది. నా స్థాయి పెరిగినట్టే మాట్లాడింది. డాక్టరమ్మ మాత్రం మనవాళ్లకు ఇది ఎండ తగలని చోటే ఎక్కువగా వస్తుందంది. అరికాల్లోనో గోటి కిందనో వస్తుంది, అక్కడ ఎవరూ చూసుకోరు, అందుకే ముదిరాక వస్తారంది.

"ఎన్నాళ్లుంటాను?" అని హిందీలో అడిగాను. ఆవిడ కాగితం మీద చర్మాన్ని పొరలు పొరలుగా గీసింది. "మచ్చ ఎంత వెడల్పని కాదు కాకా, ఎంత లోతు దిగిందన్నది ముఖ్యం" అంది. ఆ లోతును మిల్లీమీటర్లలో కొలుస్తారట. పైన పుండు పడితే ఇంకాస్త చెడ్డదట. గజ్జల్లో బిళ్లలకు పాకిందా, ఊపిరితిత్తులకో కాలేయానికో పోయిందా అన్నదాన్ని బట్టి మిగతాది చెప్పొచ్చట. జీవితమంతా గుడ్డ పన్నా కొలిచి బతికినవాణ్ణి, ఇక్కడ నా వెడల్పు ఎవరికీ అక్కరలేకపోయింది.

తర్వాత ఆవిడ రెండు ప్రశ్నలడిగింది. ఎన్నాళ్ల నుంచి ఉంది? పుండు దానంతటదే పడిందా, మీరేమైనా పెట్టారా?

రెండోదానికి మా ఆవిడే ముందు జవాబు చెప్పింది. "మైనే లగాయా. తీన్ బార్." మొదటిదానికి నేను ఆరు నెలలన్నాను. డాక్టరమ్మ రెండూ రాసుకుంది. జీడి వల్ల క్యాన్సర్ రాదమ్మా, కాని దాని కింద మచ్చ మారుతున్నా కనబడదు, ఆలస్యమైపోతుంది అని నెమ్మదిగా వివరించింది. మా ఆవిడ చెవికి ఆలస్యమన్న మాటొక్కటే ఎక్కింది.

మచ్చ చుట్టూ పెద్దగా కోసి తీసేశారు, గజ్జల్లోంచి ఒక బిళ్ల తీసి పరీక్షకు పంపారు. రిపోర్టుకు పది రోజులన్నారు. ఇంటికి రాగానే మా ఆవిడ బియ్యం డబ్బా వంచి, జీడిగింజలన్నీ ఏరి మోరీలో పారేసింది. తిండి మానేసింది. వదిన వచ్చి, "నీ చేతులతోనే మొగని కాలు కాల్చుకున్నవ్ గదనే" అంటే, తల వంచుకుంది. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని అంతా విన్నాను. నోరు లేనివాణ్ణేం కాదు, ఒక్క పోగు తేడా మీద శేఠ్‌తో గంటసేపు వాదించగలను. కాని నాకు జాలి దక్కుతోంది, ఆమెకు మాటలు పడుతున్నాయి, ఆ ఏర్పాటు నాకు సుఖంగానే ఉంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా ఉన్నమాట అదే.

పదకొండో రోజు ముగ్గురం మళ్లీ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాం. లోతు రెండు మిల్లీమీటర్లు దాటింది. పుండు ఉన్నట్టే రాశారు. స్కానింగ్‌లో ఊపిరితిత్తులు, కాలేయం శుభ్రంగా ఉన్నాయి. బిళ్లలో మాత్రం కొద్దిగా ఉంది. "చిన్నదే, కాని ఉంది" అంది. మందులున్నాయంది, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలంది. నయమవుతుందని అనలేదు, కాదనీ అనలేదు.

మా ఆవిడ అమ్మాయి చేత అడిగించింది. "జీడి వెట్టకముందే తోలుకొస్తే గింత లోతు దిగకపోవునా?"

డాక్టరమ్మ కాగితం వైపు చూస్తూ, ముందొస్తే ఎప్పుడైనా మేలే అంది. అమ్మాయి ఆ మాటను తెలుగులోకి మార్చడానికి చాలాసేపు తీసుకుంది. మా ఆవిడకు అప్పటికే అర్థమైపోయింది. బయట వరండాలో బల్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె అలా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. అటు తిరిగి పడుకోవడానికి అక్కడ గోడ కూడా లేదు.

"నువ్వు జీడి వెట్టకముందు ఏడాది సందే ఉన్నదది" అన్నాను. "నేను చూసిన. భూతద్దం వెట్టి మరీ చూసిన. నీకు చెప్పలే."

ఆమె కొంగు తీసి నా వైపు చూసింది. "మషీన్ నూనె అంటివి?"

"అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"భయమైంది." ఆగలేక ఇంకోటి కూడా అన్నాను. "ఇప్పుడు సుత భయమైతాంది." ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఆమె ముందు అనడం అదే మొదలు.

తిడుతుందనుకున్నాను. వదినకు ఫోన్ చేస్తుందనుకున్నాను, చేసినా న్యాయమే. ఆమె కళ్లు తుడుచుకుని, బల్ల దిగి, అంతమంది చూస్తుండగా నా ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆ కాలు గూడ సూపియ్యి" అంది.

"అది మంచిగనే ఉన్నదే."

"నువ్వు చెప్తే నమ్ముడు అయిపోయిందయ్యా. ఇటియ్యి" అని, నా కుడికాలి చెప్పు తనే విప్పింది.