వాయిదా రోజు కోతలు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు రెండుసార్లు వచ్చింది. ఊళ్లో రెండు వర్గాలు. ఒకరు చెబుతారన్న నమ్మకం రెండోవారికి లేదు. ఇద్దరూ ఒకే బస్సులో గుంటూరు వచ్చారు, ఒకాయన ముందు సీట్లో, ఒకాయన వెనక సీట్లో. మొదటాయన మా వరండాలో కూర్చుని కళ్లొత్తుకుంటుంటే రెండో ఆయన గేటు తీశాడు.

"చెప్పేశాడా?" అన్నాడు నాతో.

ఏడవాలో, ఇద్దరికీ కాఫీ పెట్టాలో తెలియలేదు. కాఫీయే పెట్టాను.

కాలవ రాకముందు మా ఊరి బీడు ఎవరికీ అక్కర్లేదు. నీళ్లొచ్చి మిరప పండేసరికి గట్టు జానెడు జరిగిందన్నారు. తలలు పగిలాయి, ఒకతనికి చెయ్యి పోయింది, కేసు గుంటూరు కోర్టుకెక్కింది. కూలీలు అవతలివాళ్ల పనికి వెళ్లకూడదని ఎవరికి వారు కట్టడి చేశారు. అత్త ఏ వర్గమూ కాదు. అందుకని ఆమె చేలోకి ఎవరూ వెళ్లకూడదని రెండు వర్గాలూ విడివిడిగా తేల్చాయి. మొగుడు లేని మనిషికి ఆ రెండెకరాలే ఆధారం.

నలభై దాటాక నేను మొదలుపెట్టిన థీసిస్ ఈ కక్షల మీదే. ధర పడిపోయిన ఏడాది కొట్టుకుంటారని నా సిద్ధాంతం. అత్తకి వినిపించాను.

"ధర బాగున్న ఏడాదీ కొట్టుకున్నారు కదే?"

"మరి తేడా ఏముందత్తా?"

"డబ్బు లేనప్పుడు కర్రలతో, ఉన్నప్పుడు ప్లీడర్లతో. కారణాలు నువ్వు రాసుకో. ఫలితం నా చేలో చూడు, పండిన కాయ చెట్టునే తెల్లబడి తాలైపోతోంది."

ఆ అధ్యాయం మూడుసార్లు తిరగరాశాను. ఇప్పటికీ నమ్మకం లేదు.

దారి అత్తే కనిపెట్టింది. వాయిదా రోజు ముద్దాయిలూ సాక్షులూ, అంటే ఊళ్లో మగాళ్లందరూ, పొద్దున్నే బస్సెక్కేవారు. బస్సు మలుపు తిరగ్గానే రెండు వీధుల ఆడవాళ్లూ అత్త చేలో దిగేవారు. ముద్దాయి భార్యా, అతని మీద సాక్షి చెప్పేవాడి భార్యా ఒకే సాలులో.

"మీ ఆయనకి సాక్ష్యం నోటికొచ్చిందా?"

"ఎక్కడ వదినా, వారం నుంచీ చెప్పిస్తున్నా!"

సాయంత్రం బస్సు వచ్చేసరికి కాయ కల్లంలో, ఆడవాళ్లు పొయ్యిల దగ్గర. మగాళ్లకు తెలియదా అంటే, తెలుసనే అనుకుంటాను. ఆ పొయ్యిలు వెలిగేది ఆ కూలితోనే.

మా ఇంటికొచ్చినప్పుడల్లా అత్త పెదకాకాని గుడికి వెళ్లి మొక్కుకునేది. ఊరు చల్లబడాలనేమో అనుకునేదాన్ని. ఒకసారి అడిగాను.

"ఇంకో రెండు వాయిదాలు పడాలని. రెండు కోతలు మిగిలాయి." నా మొహం చూసి, "రాజీ కూడా అడిగాలేవే, కోతలయ్యాక," అంది.

అలా మొక్కొచ్చా? తేల్చుకోలేకపోయాను. చెయ్యి పోయినతన్ని పిలిచి కల్లానికి కాపలా పెట్టిందీ ఆమే మరి.

ఈసారి కోతల మధ్యలో పోయింది. కోర్టు వాయిదా సరిగ్గా పెద్దకర్మ రోజుకే వచ్చింది. ప్లీడర్లు నోళ్లు తెరిచేలా రెండు వర్గాలూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఆ తేదీ మార్పించుకున్నాయి. ఇన్నేళ్లలో వాళ్లు కలిసి ఒప్పుకున్న మొదటి సంగతి అదే.

దాంతో ఆ పొద్దున మగాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. అయినా ఆడవాళ్లు చేలో దిగారు. కాయ చెట్టున వదిలేస్తే అత్త ఊరుకునే మనిషా? అటు గట్టు మీద ఒక వర్గం, ఇటు గట్టు మీద ఇంకో వర్గం, చూస్తూ నిలబడ్డారు. రోడ్డు మీద బస్సు ఆగింది.

"కోర్టువాళ్లు రావాలి, కోర్టువాళ్లు!" కండక్టరు అలవాటుగా కేకేశాడు.

ఎవరూ కదల్లేదు. చేలో చెయ్యి పోయినతను గోతం మూతి ఒంటిచేత్తో పట్టుకుని తంటాలు పడుతున్నాడు. అతని అవతలి వర్గం నిలబడ్డ గట్టు మీంచి ఒకాయన పంచె ఎగ్గట్టి దిగి, రెండో కొస పట్టుకున్నాడు.

బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, ఖాళీగా వెళ్లిపోయింది.